నర్సు మాట స్టేట్ క్యాపిటల్ దాకా: అమెరికాలో పనిచేసే మన నర్సులకు పూర్తి గైడ్

"అక్కా, మనకు ఓటే లేదు, మన మాట ఈ చట్టసభలవాళ్లెందుకు వింటారు?" అని ఈమధ్యే ఇండియా నుంచి వచ్చిన ఒక చెల్లెలు బ్రేక్ రూమ్‌లో అడిగింది. అప్పటికి తెల్లవారుజామున 4 అయింది. ఆ రాత్రి తనకి మెడ్-సర్జ్‌లో (మామూలు వైద్యం, సర్జరీ పేషెంట్ల వార్డు) ఏడుగురు పేషెంట్లు. ఒకాయనకి బీపీ పడిపోతుంటే తను ఆ గదిలోంచి కదల్లేకపోయింది. పక్క గదిలో ఒక పెద్దావిడ బాత్రూమ్‌కి వెళ్లాలని 20 నిమిషాలు కాల్ లైట్ నొక్కి నొక్కి, చివరికి తనే లేచి పడిపోయింది. (ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చే రాస్తున్నాను, ఎందుకో కింద చెప్తాను.) ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసింది ఆ చెల్లెలే, మేనేజర్ పిలిచి అడిగిందీ ఆ చెల్లెల్నే. ఒక నర్సుకి ఏడుగుర్ని ఎందుకు ఇచ్చారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న అడగాల్సిన చోటు స్టేట్ లెజిస్లేచర్, అంటే రాష్ట్ర చట్టసభ. నర్సు లైసెన్సు, స్టాఫింగ్, బలవంతపు ఓవర్‌టైమ్, డ్యూటీలో మన మీద చేయి చేసుకునేవాళ్ల సంగతి, ఇవన్నీ చాలావరకు వాషింగ్టన్ డీసీలో కాదు, స్టేట్ స్థాయిలోనే తేలతాయి. అందుకే కాలిఫోర్నియాలో ఒక రూలు, టెక్సాస్‌లో ఇంకో రూలు. అక్కడ కూర్చునే వాళ్లకి ఆసుపత్రి యాజమాన్యాల లెక్కలు అందుతాయి, ఇన్సూరెన్స్ కంపెనీల మాట అందుతుంది. ఆ 20 నిమిషాల్లో గదిలో ఏం జరిగిందో మాత్రం మనం చెప్తే తప్ప తెలియదు. ఓటు ఉన్నా లేకపోయినా మన దగ్గర ఉన్న బలం అదే. నేను ఉండేది టెక్సాస్‌లో కాబట్టి ఉదాహరణలు ఎక్కువ ఇక్కడివే ఉంటాయి, మీ స్టేట్‌కి తగ్గట్టు సరిచూసుకోండి.

ముందు భయం సంగతి

ఇది తేల్చుకోకుండా మిగతావి చదివినా లాభం లేదు, ఎందుకంటే మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మీ ప్రతినిధిని కలవడానికి, ఉత్తరం రాయడానికి, కమిటీ ముందు మాట్లాడటానికి సిటిజన్ అయి ఉండక్కర్లేదు. మీరు ఆ నియోజకవర్గంలో ఉంటున్నారు, అక్కడి జనానికి వైద్యం చేస్తున్నారు, అది చాలు. చేయకూడనివి కొన్ని ఉన్నాయి, అవి గట్టిగా గుర్తుపెట్టుకోండి. సిటిజన్ కానివాళ్లు ఓటు వేయకూడదు, పొరపాటున కూడా ఓటరుగా నమోదు కాకూడదు. గ్రీన్ కార్డు లేనివాళ్లు ఎన్నికల ప్రచారానికి ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, స్టేట్ ఎన్నికలైనా సరే, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. బిల్లు గురించి మాట్లాడటం వేరు, అభ్యర్థికి డబ్బివ్వడం వేరు. ఈ రెండూ కలిపేసుకుని భయపడేవాళ్లని చాలామందిని చూశాను.

రెండోది ఉద్యోగం పోతుందన్న టెన్షన్. ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి 1935 నాటి నేషనల్ లేబర్ రిలేషన్స్ యాక్ట్ వర్తిస్తుంది, యూనియన్ లేకపోయినా వర్తిస్తుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్ని 1974లో దాని కిందికి తెచ్చారు. పని పరిస్థితులు బాగుచేసుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు కలిసి చేసే ప్రయత్నానికి అది రక్షణ ఇస్తుంది. 1978లో ఈస్టెక్స్ అనే కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది. ఆ కేసు పుట్టింది కూడా మన టెక్సాస్‌లోనే, ఒక పేపర్ కంపెనీలో. కార్మిక చట్టాల గురించి ప్రతినిధులకు రాయమని చెప్పే కరపత్రాన్ని, పని లేని వేళల్లో, పని జరగని చోట్ల పంచుకునే హక్కు ఉద్యోగులకు ఉందని కోర్టు చెప్పింది. అంటే చట్టసభకి వెళ్లి అడగడం కూడా ఆ రక్షణ కిందికి వస్తుంది.

అయితే అందరికీ కాదు. సూపర్‌వైజర్ హోదా ఉన్నవాళ్లకి ఈ రక్షణ లేదు. చార్జ్ నర్సు (షిఫ్ట్‌లో యూనిట్ పని చూసుకునే నర్సు) సూపర్‌వైజర్ అవుతుందా కాదా అన్నది తను నిజంగా ఏం పని చేస్తోందన్న దాన్నిబట్టి ఉంటుంది, దీని మీద ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. కౌంటీ, స్టేట్ ఆసుపత్రులకి వేరే నియమాలు. ఒంటరిగా కాకుండా కనీసం ఇంకొకరితో కలిసి వెళ్లమనేది అందుకే, చట్టం కాపాడేది ముఖ్యంగా "కలిసి" చేసే పనిని.

వీసా స్పాన్సర్ చేసింది ఆసుపత్రే అయితే భయం ఇంకా ఎక్కువగా ఉంటుంది, అది నాకు తెలుసు. అలాంటివాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక అరగంట మాట్లాడండి. ఆ తర్వాత కూడా ముందుకు రావడం ఇష్టం లేకపోతే రాకండి, అందులో తప్పేమీ లేదు. వివరాలు సేకరించడం, ఒక పేజీ నోటు రాయడం, మాట్లాడబోయే వాళ్లకి షిఫ్ట్ మార్చి ఇవ్వడం, ఇవీ ఈ పనిలో భాగమే. నిజానికి షిఫ్ట్ మార్చి ఇచ్చేవాళ్లు లేకపోతే హియరింగ్‌కి, అంటే బిల్లు మీద కమిటీ అందరి మాట వినే సమావేశానికి, ఎవరూ వెళ్లలేరు.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. ఆసుపత్రి ఈమెయిల్ వాడొద్దు, ఆసుపత్రి కంప్యూటర్ వాడొద్దు, స్క్రబ్స్ మీద లోగో, బ్యాడ్జ్ ఉంటే తీసేయండి. "నేను నా తరఫున మాట్లాడుతున్నాను, మా ఆసుపత్రి తరఫున కాదు" అన్న వాక్యం ప్రతిసారీ మొదట్లోనే చెప్పండి.

మీరు అడిగేది చట్టంలో ఇప్పటికే ఉందేమో చూడండి

ఈ పని వదిలేసి నేరుగా ప్రతినిధి దగ్గరికి వెళ్తే పరువు పోతుంది. టెక్సాస్‌నే తీసుకోండి. నర్సులతో బలవంతంగా ఓవర్‌టైమ్ చేయించకూడదని ఆసుపత్రులకి 2009 నుంచి చట్టం ఉంది, అత్యవసర పరిస్థితులకి మాత్రం మినహాయింపులున్నాయి. అదే చట్టం ప్రకారం ఆసుపత్రిలో నర్స్ స్టాఫింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 60 శాతం మంది, తమ పనివేళల్లో సగమైనా పేషెంట్ దగ్గర ఉండే ఆర్‌ఎన్‌లు (రిజిస్టర్డ్ నర్సులు) అయి ఉండాలి. సేఫ్ హార్బర్ అనేది కూడా ఉంది. ఇచ్చిన అసైన్‌మెంట్ పేషెంట్‌కి ప్రమాదం అనిపిస్తే, దాన్ని తీసుకునే ముందే రాతపూర్వకంగా చెప్పి మన లైసెన్సుని కాపాడుకునే పద్ధతి ఇది. మా యూనిట్‌లో 12 మందిని అడిగితే సేఫ్ హార్బర్ గురించి తెలిసినవాళ్లు ముగ్గురు. ఇక్కడ మనం అడగాల్సింది కొత్త చట్టమా, ఉన్నదాన్ని పాటించకపోతే జరిమానా పడేలా సవరణా? రెండూ వేర్వేరు కోరికలు, రెండోది తరచుగా సులభం.

మూడు చోట్ల వెతకండి: మీ స్టేట్ నర్స్ ప్రాక్టీస్ యాక్ట్, హాస్పిటల్ లైసెన్సింగ్ నియమాలు, లేబర్ కోడ్. బోర్డ్ ఆఫ్ నర్సింగ్‌ని మాత్రం మన సంఘం అనుకోకండి. అది జనాన్ని కాపాడటానికి, మన లైసెన్సుల మీద అజమాయిషీకి ఉన్న ప్రభుత్వ సంస్థ. మన కోసం వాదించడం దాని పని కాదు.

వెతికాక, ఒక్క సమస్యని ఒక్క వాక్యంలో రాయండి. "నర్సుల కష్టాలు తీరాలి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "స్టాఫింగ్ కమిటీ ఒప్పుకున్న ప్లాన్‌ని ఆసుపత్రి పాటించకపోతే హెల్త్ డిపార్ట్‌మెంట్ జరిమానా వేయాలి" అంటే దాని మీద బిల్లు రాయొచ్చు.

కాంట్రాక్టు నర్సుల కోసం ఇంకో మాట. మధ్యలో మానేస్తే వేల డాలర్లు కట్టాలనే బాండ్ల గురించి మనవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకుని బాధపడతారే కానీ, అది స్టేట్ చట్టంతో మార్చగలిగే విషయమని అనుకోరు. కాలిఫోర్నియా 2025లో ఏబీ 692 అనే చట్టం తెచ్చి, 2026 జనవరి 1 నుంచి రాసుకునే ఇలాంటి షరతుల్ని చాలావరకు నిషేధించింది, కొన్ని మినహాయింపులతో. మీ స్టేట్‌లో అడగడానికి ఇది చక్కటి నమూనా.

క్యాలెండర్ తెలియకపోతే కష్టమంతా వృథా

టెక్సాస్ లెజిస్లేచర్ బేసి సంవత్సరాల్లోనే కూర్చుంటుంది, జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు. అంతే. ఆ లోపల పాస్ కాని బిల్లు చచ్చిపోయినట్టే, మళ్లీ రెండేళ్ల తర్వాత కొత్తగా పెట్టుకోవాలి. మోంటానా, నెవాడా, నార్త్ డకోటా కూడా రెండేళ్లకోసారే. కాలిఫోర్నియా, న్యూయార్క్, పెన్సిల్వేనియా ప్రతి ఏడాదీ కూర్చుంటాయి, మొదటి ఏడాది ఆగిన బిల్లు రెండో ఏడాదికి కొనసాగే వీలుంది.

కాబట్టి మార్చిలో ఆవేశం వచ్చి ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే మా దగ్గర బిల్లు పెట్టే గడువు దాటిపోయి ఉంటుంది. ఇక్కడ బిల్లుల ముందస్తు దాఖలు ఎన్నికల ఏడాది నవంబర్‌లోనే మొదలవుతుంది, సెషన్‌లో 60వ రోజుకి మామూలు బిల్లుల దాఖలు ఆగుతుంది. ప్రతినిధిని కలవడానికి మంచి సమయం సెషన్ లేని వేసవి, శరదృతువు. అప్పుడు వాళ్లు సొంత ఊళ్లో ఉంటారు, ఒక పావుగంటకి బదులు ముప్పావుగంట కూర్చోనిస్తారు.

మీ అడ్రస్ కొడితే మీ ఇద్దరు ప్రతినిధులు, అంటే దిగువ సభ ఒకరు, సెనేట్ ఒకరు, ఎవరో లెజిస్లేచర్ వెబ్‌సైట్ చెప్తుంది. నెబ్రాస్కాలో మాత్రం ఒకే సభ. బిల్లు నంబర్ తెలిస్తే ఆ సైట్‌లోనే, లేదా లెజిస్కాన్, ఓపెన్ స్టేట్స్ లాంటి వాటిలో అలర్ట్ పెట్టుకోండి. ముఖ్యంగా చూడాల్సింది బిల్లు ఏ కమిటీకి వెళ్లిందని. ఆ కమిటీ చైర్మన్ హియరింగ్ పెట్టకపోతే ఎంత మంచి బిల్లైనా అక్కడే పడి ఉంటుంది. మీ ప్రతినిధి ఆ కమిటీలో ఉంటే మీ ఫోన్ కాల్ విలువ పదింతలు.

ఎవరితో కలవాలి

ఒక స్టేట్‌లో నర్సులకి రెండు మూడు రకాల సంఘాలుంటాయి. అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ 1896 నుంచి ఉంది, దాని అనుబంధంగా స్టేట్ సంఘాలుంటాయి. 2009లో ఏర్పడిన నేషనల్ నర్సెస్ యునైటెడ్ మాత్రం యూనియన్. వీళ్లు అన్నిటిలోనూ ఒకే మాట మీద ఉండరు. యూనియన్లు పేషెంట్ల సంఖ్యకి చట్టంలోనే పరిమితి కావాలని గట్టిగా పోరాడుతూ వచ్చాయి, చాలా స్టేట్ సంఘాలు ఆసుపత్రి స్థాయిలో కమిటీల వైపు మొగ్గాయి. చేరేముందు వాళ్లు గత సెషన్‌లో ఏ బిల్లుని సమర్థించారో, దేన్ని వద్దన్నారో చూడండి. నా మటుకు నాకు సంఖ్య చట్టంలో ఉండాలనే అనిపిస్తుంది. కానీ టెక్సాస్‌లో ఈరోజు కమిటీ చట్టమే ఉంది కాబట్టి దాన్ని పదును పెట్టే పనిలో ఉన్నాను.

సంఘంలో చేరితే వాళ్ల లాబీయిస్ట్ (సంఘం తరఫున ప్రతినిధులతో మాట్లాడే మనిషి) రోజూ క్యాపిటల్‌లోనే, అంటే చట్టసభ భవనంలోనే, ఉంటారు, ఏ రోజు ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకి తెలుస్తుంది. డబ్బు తీసుకోకుండా మన సమస్య మనం చెప్పుకునేవాళ్లకి లాబీయిస్ట్‌గా నమోదు అవసరం సాధారణంగా ఉండదు, అయినా స్టేట్‌ని బట్టి నియమం మారుతుంది కాబట్టి సంఘాన్నే ఒకసారి అడగండి.

మీ దగ్గరున్న సాక్ష్యాన్ని సిద్ధం చేయడం

ఈ ఒక్క భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి. ఒక చిన్న నోటు పుస్తకం కొని ఇంట్లో పెట్టుకోండి. ప్రతి షిఫ్ట్ తర్వాత నాలుగు సంగతులు రాయండి: ఎంతమంది పేషెంట్లు, టెక్ (నర్సుకి సహాయకులు) ఉన్నారా లేదా, బ్రేక్ దొరికిందా, ఆలస్యమైన పని ఏది. "నొప్పి మందు 50 నిమిషాలు ఆలస్యం", "పక్కకి తిప్పడం రెండుసార్లు తప్పిపోయింది", ఇలా. ఇద్దరు ముగ్గురు నర్సులు మూడు నెలలు రాస్తే అదొక బలమైన ఆధారం. చార్ట్ ప్రింట్లు, స్క్రీన్ ఫోటోలు, ఇన్సిడెంట్ రిపోర్టుల కాపీలు మాత్రం ఇంటికి తేవొద్దు. అది ఉద్యోగం పోగొట్టే పని, పేషెంట్‌కి చేసే ద్రోహం కూడా.

పేషెంట్ వివరాల గోప్యతని కాపాడే చట్టం హిపా ప్రకారం గుర్తుపట్టే వివరాలంటే పేరు ఒక్కటే కాదు, 18 రకాలు. చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, ఊరు, 89 దాటిన వయసు కూడా అందులోకే వస్తాయి. "మార్చి 3న మా ఊరి ఆసుపత్రిలో 92 ఏళ్ల ఆవిడ" అన్నారంటే పేరు చెప్పకపోయినా చెప్పినట్టే. "ఒక పెద్దావిడ, ఒక రాత్రి" అనండి. అరుదైన జబ్బు అయితే దాని పేరు కూడా వదిలేయండి, కథకి అది అవసరం ఉండదు.

కథకి తోడు ఒక్క పరిశోధన చాలు, పది వద్దు. లిండా ఏకెన్ బృందం 2002లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించినది తీసుకోండి. పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్ల మీద చేసిన అధ్యయనం. ఒక్కో నర్సుకి ఒక్కో పేషెంట్ పెరిగిన కొద్దీ, చేరిన 30 రోజుల్లోపు మరణించే ముప్పు 7 శాతం చొప్పున పెరిగిందని అందులో తేలింది.

అవతలి పక్షం ఏం చెప్తుందో కూడా ముందే తెలుసుకోండి. మూడు మాటలు వస్తాయి: ఖర్చు, నర్సుల కొరత, పల్లె ఆసుపత్రులు మూతపడతాయన్న భయం. ఇవి అబద్ధాలని కొట్టిపారేయకండి, జనం వాటిని నమ్ముతారు. 2018 నవంబర్‌లో మసాచుసెట్స్‌లో నర్సు-పేషెంట్ పరిమితులు నేరుగా ప్రజల ఓటుకి వెళ్తే 70 శాతం మంది వద్దన్నారు. నర్సుల మీద గౌరవం లేక కాదు, ఆసుపత్రులు మూతపడతాయి, ఎమర్జెన్సీలో గంటలు నిలబడాలి అన్న ప్రచారానికి సరైన జవాబు అందరికీ చేరక. పల్లె ఆసుపత్రి గురించి అడిగితే మీ జవాబు సిద్ధంగా ఉండాలి: చిన్న ఆసుపత్రులకి అదనపు గడువు, మినహాయింపు కోరే పద్ధతి బిల్లులో ఉందా? లేకపోతే సవరణగా మీరే ప్రతిపాదించండి.

ప్రతినిధి ఆఫీసులో 15 నిమిషాలు

చాలాసార్లు మీరు కలిసేది ప్రతినిధిని కాదు, వాళ్ల ఆఫీసులో పనిచేసే 24, 25 ఏళ్ల కుర్రాడిని. పెద్దవాళ్లెవరూ కలవలేదని చిన్నబుచ్చుకోకండి. ఆ కుర్రాడే బిల్లు చదువుతాడు, ఆ కుర్రాడే రేపు "దీనికి ఓటు వేద్దామా" అంటే జవాబు చెప్తాడు. పేరు రాసుకోండి, గౌరవంగా మాట్లాడండి.

ముగ్గురు వెళ్తే పని పంచుకోండి. ఒకరు కథ, ఒకరు లెక్క, ఒకరు కోరిక. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నైట్ షిఫ్ట్‌లో జేబులో పెట్టుకునే రిపోర్ట్ షీట్ లాంటిదాన్ని ఖాళీగా పట్టుకెళ్లాను. పేర్లు లేవు, గదులు లేవు, ఏడు గళ్లు, పక్కన గంటలు మాత్రమే. 9 గంటల మందుల వరస దాని మీద పెన్నుతో గీసి చూపించాను. ఒక్కొక్కరికి సరిచూసి ఇవ్వడానికి 10 నిమిషాలే అనుకున్నా ఏడుగురికి 70 నిమిషాలు. మందు ఇవ్వడానికి ఉండే వ్యవధి మామూలుగా గంట ముందు, గంట వెనక. ఆ మధ్యలో ఒక్కరికి ఊపిరి ఆడకపోతే వరస మొత్తం కూలిపోతుంది. ఆ కుర్రాడు గళ్లు లెక్కపెట్టి, "మరి మీరు బాత్రూమ్‌కి ఎప్పుడు వెళ్తారు?" అని అడిగాడు. ఏ పరిశోధనా పత్రం చూపించినా ఆ ప్రశ్న వచ్చేది కాదు.

వదిలి వచ్చే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. పైన బిల్లు నంబర్, మీ కోరిక. మధ్యలో మీ అనుభవం నాలుగు లైన్లు. కింద ఆ ఒక్క పరిశోధన. చివర మీ పేరు, జిప్ కోడ్, ఫోన్. బిల్లు ఇంకా లేకపోతే "ఇలాంటి బిల్లు మీరు పెడతారా?" అని సూటిగా అడగండి. మనకి మొహమాటం ఎక్కువ, అన్నీ చెప్పి అసలు కోరిక అడక్కుండా థాంక్యూ చెప్పి వచ్చేస్తాం. అడగండి. "చూస్తాం" అంటే "ఎప్పుడు ఫోన్ చేయమంటారు?" అని అడిగి తేదీ తీసుకోండి, ఆ తేదీన చేయండి.

కమిటీ ముందు మాట్లాడే రోజు

పద్ధతి స్టేట్‌ని బట్టి మారుతుంది. వాషింగ్టన్ స్టేట్‌లో ఆన్‌లైన్‌లో నమోదై ఇంటి నుంచే వీడియోలో మాట్లాడొచ్చు, మాట్లాడకపోయినా అనుకూలమో వ్యతిరేకమో నమోదు చేయొచ్చు. టెక్సాస్ హౌస్‌లో ఆన్‌లైన్‌లో రాసి పంపొచ్చు కానీ, మైక్ ముందు మాట్లాడాలంటే ఆస్టిన్ వెళ్లాల్సిందే. నోటీసులో టైమ్ ఉన్నా దాన్ని నమ్ముకోకండి. సభ ముగిశాక మొదలయ్యే హియరింగులు రాత్రి దాకా సాగుతాయి. చార్జర్, తినడానికి ఏదైనా, స్వెటర్ తీసుకెళ్లండి. ముందు రాత్రి డ్యూటీ చేసి, నిద్ర లేకుండా మూడు గంటలు డ్రైవ్ చేసి మాత్రం వెళ్లొద్దు, మీకు మొక్కుతాను. ఎవరితోనైనా కలిసి వెళ్లండి.

ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. 3 నిమిషాలంటే నింపాదిగా చదివితే ఒక పేజీన్నర కూడా రాదు. మన యాస గురించి దిగులు వద్దు. రాసుకున్నది చూసి చదవడం తప్పు కాదు, చాలామంది అలాగే చదువుతారు. మెల్లగా చదవండి, అంతే.

వరస ఇలా పెట్టుకోండి. పేరు, ఎన్నేళ్లుగా నర్సు, నా తరఫున మాట్లాడుతున్నాను, ఈ బిల్లుకి అనుకూలం. తర్వాత ఆలస్యం చేయకుండా గదిలోకి తీసుకెళ్లండి: "ఒక రాత్రి నాకు ఏడుగురు పేషెంట్లు. ఒకరికి బీపీ పడిపోతోంది, ఆ గది వదల్లేను. పక్క గదిలో కాల్ లైట్ 20 నిమిషాలు వెలిగింది. ఆవిడ పడిపోయిన శబ్దం నాకు వినపడింది." అక్కడ ఒక క్షణం ఆగండి. ఆ తర్వాత బిల్లులో ఏ సెక్షన్ ఉండి ఉంటే ఆ రాత్రి ఏం మారేదో చెప్పండి. ఇది మర్చిపోతే వాళ్లు జాలిపడతారు, ఓటు వేయరు. చివర్లో కోరిక.

ప్రశ్నలు వస్తాయి. తెలియనిదాన్ని ఊహించి చెప్పొద్దు. "ఆ లెక్క నా దగ్గర లేదు, రేపు సాయంత్రంలోగా మీ ఆఫీసుకి పంపుతాను" అనండి, పంపండి. మీ ఆసుపత్రి పేరు అడిగితే చెప్పాలనిపించకపోతే మర్యాదగా తప్పుకోవచ్చు, చర్చ ఒక్క ఆసుపత్రి గురించి కాదు కదా.

ఓడినా, గెలిచినా తర్వాతి పని ఉంటుంది

ఒక సభ దాటితే సగమే. పెన్సిల్వేనియాలో 2023లో నర్సు-పేషెంట్ నిష్పత్తుల బిల్లు దిగువ సభలో గెలిచింది, సెనేట్‌లో ఆగిపోయింది. అదే ఏడాది ఓరెగాన్‌లో మాత్రం నిష్పత్తులు చట్టమయ్యాయి. అందుకే మొదటి రోజు నుంచే రెండు సభల్లోనూ మనిషిని చూసుకోవాలి. బిల్లు కదులుతున్నప్పుడు ప్రతి సవరణా చదవండి. "ఉండాలి" అన్న చోట "ఉండవచ్చు" అని ఒక్క మాట మారితే బిల్లులో ప్రాణం పోతుంది.

గవర్నర్ సంతకం పెట్టాక అందరూ ఫోటోలు దిగి ఇళ్లకి వెళ్లిపోతారు. అసలు అంకెలు తేలేది చాలాసార్లు ఆ తర్వాతే. కాలిఫోర్నియా నర్సు-పేషెంట్ నిష్పత్తుల చట్టం ఏబీ 394 మీద 1999లో సంతకం పడింది, కానీ ఏ వార్డులో ఒక నర్సుకి ఎంతమంది అన్నది ఆ చట్టంలో లేదు, దాన్ని హెల్త్ డిపార్ట్‌మెంట్ నియమాలతో తేల్చాలి. మెడ్-సర్జ్‌కి నర్సుల సంఘం 1:3 (ఒక నర్సుకి ముగ్గురు పేషెంట్లు) అడిగింది, ఆసుపత్రుల సంఘం 1:10 అంది. వాదనలన్నీ అయ్యాక 2004 జనవరి 1న 1:6తో అమల్లోకి వచ్చింది. 2005లో 1:5 కావాల్సి ఉండగా, అప్పటి గవర్నర్ ష్వార్జ్‌నెగర్ ప్రభుత్వం దాన్ని వాయిదా వేయబోయింది. నర్సులు కోర్టుకి వెళ్లి ఆపించారు. అంటే సంతకం తర్వాత ఇంకో ఐదారేళ్లు. నియమాల ముసాయిదా వచ్చినప్పుడు ప్రజల అభిప్రాయాలకి గడువిస్తారు, ఆ గడువులో మీ నోటు పుస్తకంలోని లెక్కలు మళ్లీ పంపండి. ఆసుపత్రుల తరఫు లాయర్లు తప్పకుండా పంపుతారు.

అది కూడా అయ్యాక చట్టం మన యూనిట్‌లోకి రావాలి. టెక్సాస్‌లో 2023లో ఎస్‌బీ 240 అనే చట్టం వచ్చింది, ఆసుపత్రుల్లో సిబ్బంది మీద దాడుల నివారణకి. దాని ప్రకారం 2024 సెప్టెంబర్ 1 నాటికి ఆసుపత్రులు కమిటీ వేసి ప్లాన్ పెట్టుకోవాలి, ఆ కమిటీలో పేషెంట్ దగ్గర పనిచేసే ఆర్‌ఎన్ ఒకరైనా ఉండాలి. మీ ఆసుపత్రిలో ఆ ఆర్‌ఎన్ ఎవరో మీకు తెలుసా? రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు అడగండి. ప్లాన్ కాపీ అడగండి. స్టాఫింగ్ కమిటీలో మీ యూనిట్ సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందో కూడా అడగండి. ఆ నర్సుల్ని మేనేజర్ కాదు, తోటి నర్సులే ఎన్నుకోవాలని చట్టంలో ఉంది. మా యూనిట్ నుంచి ఈసారి ఆ చెల్లెలి పేరు నేనే చెప్పాను, తనూ సరేనంది, ఇప్పుడు నోటు పుస్తకం తన దగ్గరే ఉంది.